పెళుసు పిడులకు బెజ్జం వేయడం

కత్తికీ కొడవలికీ ఉలికీ పిడి బిగించాలంటే ఎక్కడో ఒకచోట బెజ్జం పడాలి. పిడి మెత్తటి కర్రదైతే ఆ పని ఎవరైనా చేస్తారు. తునికి చేవ, ఎండిన వెదురు, గేదె కొమ్ము, ఎముక, ఎబొనైట్, రాయి లాంటి పెళుసు సరుకైతే మాత్రం తొలిచే బర్మా అవతలికి పొడుచుకొచ్చే చోట పెచ్చు లేస్తుంది, లేదా నార వెంట చీలుతుంది. అలా జరగకుండా శుభ్రమైన అంచుతో బెజ్జం తీసే పద్ధతులు, వాటి వెనకున్న కారణాలు, కొత్తగూడెం-భద్రాచలం అడవి అంచున కనిపించే పిడి సరుకులు ఈ వ్యాస విషయం.

గని డ్రిల్లు, పిడి డ్రిల్లు

కొత్తగూడెంలో డ్రిల్లింగ్ అనే మాట వినగానే ఎవరికైనా బొగ్గుబాయే గుర్తొస్తుంది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920లో సంస్థకు సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. కాకతాళీయమే కానీ, అదే 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్, విలియం బ్లాంచ్ బ్రెయిన్ అనే ఇద్దరు కరెంటుతో తిరిగే డ్రిల్లుకు పేటెంటు తీసుకున్నారు. వాళ్ళు దాన్ని తయారుచేసింది రాయి తొలవడానికి, బొగ్గు తవ్వడానికి. ఇవాళ ఇంటింటా కనిపించే చేతి డ్రిల్లు వంశం అక్కడే మొదలైంది.

బొగ్గు గోడకు డ్రిల్లర్ వేసే బెజ్జం మందు కూర్చడానికి. ఆ వెంటనే గోడ ముక్కలు కావాలి కనుక బెజ్జం అంచు ఎలా ఉందో ఎవరూ చూడరు. పిడి దగ్గర లెక్క తలకిందులు. అయినా గని మనిషికి తెలిసిన ఒక సంగతి ఇక్కడా పనికొస్తుంది. మందు పేలినప్పుడు బొగ్గు ఖాళీ ఉన్న వైపుకే ఊడిపడుతుంది. ఆ ఖాళీ ముఖం లేకపోతే ఎంత మందు కూర్చినా గోడ సరిగా కదలదు. పిడి కోసం తీసిన బద్ద అడుగున గాలి తప్ప మరేమీ లేకపోతే అది కూడా ఒక ఖాళీ ముఖమే. దాన్ని లేకుండా చేయడం ఈ విద్యలో ముప్పాతిక వంతు.

పెచ్చు ఎందుకు లేస్తుంది

పెళుసు సరుకులు నొక్కుడుకు ఆగుతాయి, లాగుడుకు ఆగవు. రాయి, పింగాణీ లాంటి వాటిలో లాగుడును తట్టుకునే బలం నొక్కుడును తట్టుకునే బలంలో పదో వంతు మాత్రమే ఉండటం మామూలు. ఇనుము, ఇత్తడి విరిగే ముందు సాగుతాయి. ఆ సాగుదలలో పగులు మొన మొద్దుబారి ఆగిపోతుంది. పెళుసు సరుకుకు ఆ వెసులుబాటు లేదు. పగులు మొదలైందంటే అవతలి అంచు దాకా పోవాల్సిందే.

బజారులో దొరికే మామూలు డ్రిల్ బిట్టు కొనను దగ్గరగా చూస్తే రెండు కోత అంచులు, వాటి నడుమ ఉలి మూతి లాంటి చిన్న గీత కనిపిస్తాయి. బిట్టు ఎంత వేగంగా తిరిగినా నడిమధ్య బిందువు దగ్గర వేగం సున్నా. 3 మిల్లీమీటర్ల బిట్టు నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే దాని బయటి అంచు నిమిషానికి 9 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది, నడిమి గీత మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఆ గీత కోయదు, నలిపి పక్కకు నెడుతుంది. చేత్తో వేసే బరువులో సుమారు సగం ఆ నలుపుడుకే ఖర్చవుతుంది.

బద్ద మందంగా ఉన్నంతసేపు ఈ నొక్కుడుతో ఇబ్బంది లేదు. అడుగుకు ఒక మిల్లీమీటరు దూరంలోకి రాగానే కథ మారుతుంది. మిగిలిన పలచటి పొర డప్పు తోలులా కిందికి వంగుతుంది. వంగిన పొరకు పైవైపు నొక్కుడు, అడుగువైపు లాగుడు. అక్కడే పగులు పుట్టి, కోత పూర్తికాక ముందే ఆ పొర గరాటు ఆకారంలో ఊడిపోతుంది. తిరగేసి చూస్తే బెజ్జం చుట్టూ గుంట. పని అంతా బాగా చేసి చివరి అరక్షణంలో బద్ద పాడుచేసుకోవడం అంటే ఇదే.

ఆ అరక్షణంలో ఇంకొకటి కూడా జరుగుతుంది. కోత అంచుకు ముందుకు వంగిన కొక్కెం లాంటి వాలు ఉంటుంది. ఇనుము కోయడానికి అది అవసరం. పెళుసు సరుకులో పొర తెగే వేళకు ఆ కొక్కెం పట్టుకుని, బిట్టు మరమేకులా తనంతట తానే ముందుకు దూసుకుపోతుంది. చేతికి ఉన్నట్టుండి తేలికైనట్టు అనిపించేది అప్పుడే. ఇత్తడి, అక్రిలిక్ పనివాళ్ళు దీనికి ఎప్పుడో మందు కనిపెట్టారు. సన్నటి సానరాయితో కోత అంచును నిలువుగా ఒకటి రెండుసార్లు రుద్ది ఆ వాలును చంపేస్తారు. అలాంటి బిట్టు కొరకదు, గీకుతుంది. దీనికి పట్టేది రెండు నిమిషాలు. ఖరీదైన బిట్ల డబ్బా కొనడానికి ముందు ఈ రెండు నిమిషాలు ఖర్చుపెట్టమని చెప్పడం న్యాయం.

అడవి అంచు సరుకులు

పిడులన్నిటికీ బెజ్జం అక్కర్లేదు. గొడ్డలికీ పారకూ ఇనుములోనే కన్ను ఉంటుంది, కామ అందులోకి దిగుతుంది. దెబ్బకు ఓర్చే చిరుమాను లాంటి కర్రలు అందుకు సరిపోతాయి. కొడవలికి ఇనుప తోక పిడి పొడవునా లోపలికి పోతుంది. మూతి చీలకుండా పొన్ను తొడుగుతారు. ఎర్రగా కాల్చిన తోకను చిన్న బెజ్జంలో దింపి, తన దారి తానే కాల్చుకునేలా చేయడం కమ్మరి కొలిమిలో పాత పద్ధతి. ఈవల నుంచి ఆవలికి బెజ్జం కావలసింది మూడో రకానికి. చదునైన తోకకు రెండు పక్కలా రెండు బద్దలు పెట్టి, ఇత్తడి పిన్నులతో కలిపి బిగించే కత్తులవి. పెచ్చు బెడద దాదాపు అంతా వీటిదే.

కొత్తగూడెం జిల్లాలో వేసవి వస్తే తునికాకు సేకరణ మొదలవుతుంది. బీడీ ఆకుగానే తునికి చెట్టు అందరికీ తెలుసు. అటవీ శాఖ కాగితాల్లో దాని పేరు ఆబ్నూస్ ఆకు. ఆబ్నూస్ అంటే పారసీకం, ఉర్దూల్లో ఎబొనీ, అంటే నల్లచేవ. ఆకు కోసే చేతులకు ఆ పేరులోని చెక్క కంటబడటం అరుదు, ఎందుకంటే నల్లచేవ ముదిరిన మాను నడిమధ్యలోనే ఉంటుంది. బరువైన, నిగనిగలాడే చెక్క అది. ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, తొలిచేటప్పుడు పొడిపొడిగా రాలుతుంది, అంచుల్లో పెచ్చులూడుతుంది. కోసిన వెంటనే బెజ్జం వేస్తే తర్వాత ఆరేటప్పుడు ఆ బెజ్జం నుంచే చీలిక బయలుదేరుతుంది. నెలల తరబడి నీడన ఆరనివ్వాలి. రక్షిత అడవిలో అనుమతి లేకుండా చెట్టు నరకడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరం కనుక, పాత మంచం కోళ్ళు, విరిగిన రోకళ్ళలో పనికొచ్చే ముక్క వెతుక్కోవడం మంచిది.

ఇరుగుడు చేవ ఇంత మొండిది కాదు. దానిలోని జిగురు బిట్టు గాడుల్లో పేరుకుని వేడి పుట్టిస్తుంది, అంతే. ఆ జాతి చెట్ల కలప అంతర్జాతీయ వ్యాపారం 2017 నుంచి సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపార) ఒప్పందం నియంత్రణలో ఉంది.

వెదురుది వేరే గొడవ. అడ్డంగా నారను పట్టి ఉంచేది ఏమీ లేదు గనుక బిట్టు నొక్కితే చాలు, కణుపు నుంచి కణుపు దాకా చీలుతుంది. పిల్లనగ్రోవి చేసేవాళ్ళు బర్మా జోలికి పోకుండా ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో బెజ్జాలు పెట్టడానికి కారణం ఇదే. కాలిన అంచు నల్లబడుతుంది కానీ చీలదు. వెదురు పిడికి కూడా ఇంతకు మించిన పద్ధతి లేదు. డ్రిల్లు వాడక తప్పకపోతే ముందు ఆ భాగం చుట్టూ దారం గట్టిగా చుట్టాలి.

గేదె కొమ్ము మన గోళ్ళూ జుట్టూ తయారైన కెరటిన్‌తోనే తయారైంది. అది పొరలు పొరలుగా పెరుగుతుంది, మొదట్లో బోలుగా, కొన దగ్గర గట్టిగా ఉంటుంది. ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని, తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఒడిశాలోని పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకు పేరుపొందింది. వేడికి కొమ్ము మెత్తబడుతుంది. ఈ గుణం వల్లే దాన్ని వంచి బొమ్మలు చేయగలుగుతున్నారు. బెజ్జం వేసేవాడికి మాత్రం అదే శత్రువు. మొద్దు బిట్టు రాపిడికి వెంట్రుకలు కాలిన వాసన వచ్చిందంటే లోపలి గోడ మెత్తబడి పొరలు విడివడుతున్నాయని అర్థం. అప్పుడు ఆపి, బిట్టు తీసి, చల్లారనివ్వాలి. ఎముక ఇంకా పెళుసు. దానిలోని కొవ్వును ముందుగా తీసేయకపోతే జిగురు పట్టదు, పసుపు మరకలు తేలుతాయి.

పాల్వంచ పక్కన కిన్నెరసాని అభయారణ్యంలో చుక్కల దుప్పులు, కణితులు ఉన్నాయి. వాటి కొమ్ములు ఏటా రాలిపోతాయి. రాలిన కొమ్ముతో పిడి చేస్తే తప్పేమిటని అడిగేవాళ్ళకు జవాబు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఉంది: రాలినదైనా సరే, ఆ కొమ్ముతో వ్యాపారం నేరం. భద్రాచలం ఏజెన్సీలో కొమ్ము కోయ నృత్యకారులు తలపాగాకు ధరించే అడవిదున్న కొమ్ములు తరాలుగా దాచుకున్నవి. వాటిని తాళ్ళతో కడతారే గాని పిడుల కోసం తొలచరు.

రాయి పిడి

రాతిని కోసే బిట్టు లేదు, అరగదీసే బిట్టే ఉంది. ఈ తేడా తెలియక గాజుకూ గ్రానైటుకూ ఇనుప బిట్టు పెట్టి విరగ్గొట్టుకున్నవాళ్ళు చాలామంది. టైల్స్ మేస్త్రీ కూడా ఈటె మొన ఉన్న కార్బైడ్ బిట్టు వాడేటప్పుడు డ్రిల్లులోని సుత్తి మీటను ఆపేస్తాడు.

అరగదీయడం చాలా పాత విద్య. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ సమాధుల్లో 7,500 నుంచి 9,000 ఏళ్ళ కిందటి మనుషుల దవడ పళ్ళు 11 దొరికాయి. వాటికి చెకుముకి మొనతో బెజ్జాలు వేసినట్టు 2006లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. పంటి పైపొర కన్నా పెళుసైన సరుకు ఒంట్లో లేదు. అంత పాత కాలంలోనే దాన్ని తొలిచారు.

ఈ కథలో కొత్తగూడెం వాటా చాలామందికి తెలియదు. పట్టణానికి దగ్గర్లోని గరీబ్‌పేట గుట్ట గోమేధిక జాతి ఎర్రరాయికి, అంటే గార్నెట్‌కు, పేరున్న నిక్షేపం. పుదుచ్చేరి దగ్గర 1945లో మోర్టిమర్ వీలర్ తవ్వించిన అరికమేడు రేవులో దొరికిన గార్నెట్‌లు రసాయనికంగా గరీబ్‌పేట రాయితో సరిపోతున్నాయని రత్నశాస్త్రవేత్తలు తేల్చారు. ఆ రేవులో పూసల తయారీ ఉండేది. పిడికి ఏ నియమాలో పూసకూ అవే: రెండు వైపుల నుంచీ తొలచాలి, మధ్యలో కలపాలి. గుజరాత్‌లోని ఖంభాత్‌లో వజ్రపు మొన తొడిగిన విల్లు బర్మాతో, చుక్కచుక్కగా నీళ్ళు పడుతుండగా, కెంపురంగు అకీకు పూసలను ఇప్పటికీ ఇలాగే తొలుస్తారు. రెండు వైపుల నుంచీ తొలిస్తే బిట్టు ఎక్కడా బయటికి పొడుచుకు రాదు కాబట్టి ఖాళీ ముఖమే మిగలదు.

ఖమ్మం జిల్లాలో గొబ్బుగుర్తి వైపు కురువిందం ఉంది. ఇంగ్లీషు వాళ్ళ కోరండం మన దక్షిణాది భాషల ఈ మాట నుంచే వెళ్ళింది. వజ్రం తర్వాత గట్టిదనంలో దానిదే స్థానం. దాని పొడిని నీళ్ళలో కలిపి, రాగి గొట్టం కింద వేసి తిప్పితే ఎంత గట్టి రాయికైనా గుండ్రటి బెజ్జం పడుతుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని జేడ్ గదిలో జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళ కత్తి చూసేవాళ్ళ చూపు పొదిగిన రాళ్ళ దగ్గర ఆగిపోతుంది. మొగలాయి రాతి పిడుల అసలు కష్టం లోపల దాగి ఉంది. కత్తి తోక కోసం లోపలికి తొలిచిన ఆ బెజ్జంలో లక్క, రాళం లాంటి జిగురు నింపి తోకను నిలబెట్టేవారు.

గోదావరి దిగువన ఎబొనైట్

రబ్బరులో గంధకం బాగా కలిపి ఉడికిస్తే నల్లగా, కర్రలా గట్టిపడుతుంది. ఎబొనీని పోలి ఉందని దానికి ఎబొనైట్ అని పేరు పెట్టారు. భద్రాచలం మీదుగా గోదావరి దిగువకు పోతే రాజమండ్రిలో ఈ తునికి చేవ పేరింటి సరుకుతోనే పెన్నులు చేస్తున్నారు. 1932లో కె.వి. రత్నం మొదలుపెట్టిన స్వదేశీ పెన్నుల పని అది. ఆ పెన్ను అందుకుని 1935లో గాంధీజీ జాబు రాశారు.

పెన్నువాళ్ళు బెజ్జం వేసేటప్పుడు కడ్డీ లేతుపై తిరుగుతుంది, బిట్టు నిలకడగా లోపలికి పోతుంది. లేతు పట్టు అయిన చక్ కడ్డీని చుట్టూ బిగించి పట్టుకోవడం వల్ల చీలిక భయం తక్కువ. పెన్ను ఒంటి బెజ్జం ఒక వైపు మూసుకునే ఉంటుంది గనుక అవతలి పెచ్చు అనే ప్రశ్నే రాదు. కత్తి పిడి చేసేవాడికి ఈ రెండు సౌకర్యాలూ లేవు. లేతు చక్ చేసే పనిని అతను సి-క్లాంపుతో, మూసిన అడుగు చేసే పనిని కింద పెట్టిన పలకతో చేయించుకోవాలి. ఎబొనైట్ వేడెక్కితే గంధకం వాసన వేస్తుంది, కొమ్ము చెప్పే హెచ్చరికే ఇదీ చెబుతుంది.

పని వరస

చేత్తో పట్టుకునే డ్రిల్లు కన్నా నిలువు స్టాండు ఉన్న డ్రిల్లు వెయ్యి రెట్లు నయం. చేయి వణికితే బెజ్జం గోడ ఒక పక్క ఒత్తిడికి గురై పగులుతుంది.

ముందు ఇనుప తోకకు బెజ్జాలు పడాలి, అదీ కత్తికి నీరు పట్టకముందే. నీరు పట్టిన ఉక్కును మామూలు బిట్టు తాకలేదు. ఆ తోకనే అచ్చుగా పెట్టి బద్దల మీద గుర్తు వేయాలి. బద్ద అంచుకు బెజ్జం దగ్గరైపోకూడదు. బెజ్జం వెడల్పుకు రెండింతల దూరమైనా ఉండాలి. ఒకే నార గీత మీద రెండు బెజ్జాలు పడితే ఆ గీత వెంట చీలిపోయే అవకాశం ఎక్కువ, అందుకే కొద్దిగా అటూ ఇటూ జరపడం మేలు.

బద్దను చివరి మందం కన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, ఆకారం దిద్దకముందే బెజ్జం వేయాలి. లోపలి ముఖం నుంచి మొదలుపెడితే చిన్న పెచ్చు లేచినా అది బయటి ముఖం మీదే ఉంటుంది, తర్వాత ఆకురాయితో గుండ్రంగా దిద్దేటప్పుడు అరిగిపోతుంది. అనుభవం లేనివాళ్ళు ముందు అందంగా నున్నగా దిద్ది, మెరుగుపెట్టి, చివర బెజ్జం వేస్తారు. ఏడవాల్సి వచ్చేది అప్పుడే.

కింది పలక గురించి ఎంత చెప్పినా తక్కువే. అది బద్దంత గట్టిగా ఉండాలి. థర్మాకోల్, అట్టముక్క పనికిరావు. బద్దకూ పలకకూ మధ్య వెంట్రుకవాసి సందు కూడా ఉండకూడదు. రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి క్లాంపు బిగిస్తే ఇంకా మంచిది. ప్రతి బెజ్జానికీ పలకను కొత్త చోటుకు జరపాలి. పాత బెజ్జం మీద కొత్త బెజ్జం పడితే పలక ఉన్నా లేనట్టే, ఖాళీ ముఖం మళ్ళీ వచ్చేసింది. బద్ద పైన కాగితపు టేపు అతికిస్తే బిట్టు జారకుండా ఉంటుంది. అవతలి పెచ్చును మాత్రం ఆ టేపు ఆపలేదు. దానికున్న పేరు దాని బలానికి మించినది.

బిట్టు కొత్తదైనా, సానపెట్టినదైనా పదునుగా ఉండాలి. బిట్టు వెడల్పంత లోతుకు దిగిన ప్రతిసారీ పైకెత్తి పొడి దులపాలి. మొదట సన్నటి బెజ్జం, తర్వాత పెద్దది వేసే పద్ధతి నడిమి గీత బరువును తప్పిస్తుంది. అయితే రెండో బిట్టు ఉన్న బెజ్జంలో కొక్కెంలా పట్టుకుని పై అంచును లేపేస్తుంది. రెండో బిట్టుకు వాలు చంపితే ఆ ఇబ్బంది ఉండదు. అడుగు దగ్గర పడుతున్నప్పుడు చేతి బరువు సగానికి సగం తగ్గించాలి. ఎప్పుడు దగ్గర పడిందో తెలియడానికి డ్రిల్లు స్టాండు మీది లోతు కొలతో, బిట్టు చుట్టూ చుట్టిన టేపు ముక్కో చాలు.

తునికి చేవ పొడి కొందరికి చర్మం మీద దద్దురు తెస్తుంది. ఎముక, రాయి పొడి ఊపిరితిత్తులకు చేసే చెరుపు గని ఊళ్ళో వివరించనక్కర్లేదు. ముక్కుకు మాస్కు, రాతికైతే నీళ్ళు తప్పనిసరి.

పిన్ను, ఎండ

శుభ్రంగా పడిన బెజ్జాన్ని కూడా పిన్ను పాడుచేయగలదు. ఇత్తడి పిన్ను తలను సుత్తితో కొడితే అది తల దగ్గరే ఆగదు, నడుము దగ్గరా లావెక్కుతుంది. చేవ, కొమ్ము ఆ ఉబ్బుకు ఆగలేక విచ్చుకుంటాయి. బెజ్జం పిన్ను కన్నా ఒక మిల్లీమీటరులో పదో వంతు ఎక్కువ వెడల్పు ఉండాలి. మూతి దగ్గర చిన్న గిన్నెలా తీర్చి, పిన్ను తల మాత్రమే అందులో పరుచుకునేలా తేలిగ్గా తట్టాలి. ఎపాక్సీ జిగురు వాడినప్పుడు సుత్తి అసలు అక్కర్లేదు.

కొత్తగూడెంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. వానల్లో తేమ పీల్చి ఉబ్బిన చెక్క ఆ ఎండకు అడ్డంగా కుంచించుకుపోతుంది. తోక ఇనుము, పిన్ను ఇత్తడి. అవి ఏమాత్రం కుంచించుకోవు. రెండు పిన్నుల మధ్య ఇరుక్కున్న చెక్కకు పగలడం తప్ప దారి ఉండదు. ఇలాంటి పగులును బెజ్జం వేసినవాడి తప్పుగా లెక్కగట్టడం తరచూ జరుగుతుంది. బిగించిన వారంలో పగిలితే నేరం బర్మాది. మొదటి వేసవిలో పగిలితే బర్మాకు సంబంధం లేదు, చెక్క ఆరకముందే బిగించారన్నమాట. అలాంటి పిడికి జిగురు పూసి లాభం లేదు. పిన్నులు తీసి, బద్దలను మార్చి, ఆరిన చెక్కతో మళ్ళీ మొదటి నుంచి పని చేయాలి.